గోడవైపు తిప్పిన ముద్ర

"అయితే సంతకం పెట్టవన్నమాట!"

మామగారు కళ్లజోడు తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే ఆ ఇంట్లో అందరి గొంతుల్లోనూ తడారిపోతుంది. చిన్నకోడలికి మాత్రం ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. నాలుగేళ్ల కాపురంలో ఆమె నేర్చుకోని వాటిలో అదొకటి.

"పెట్టనని అనలేదు మామయ్యగారూ. చదువుతానన్నాను."

"చదవడానికేముంది అందులో? లాయరుగారు రాశారు. రాసినాయనకి తెలీనిది చదివే నీకు తెలుస్తుందా?"

ఆరు పేజీల వాంగ్మూలం. రేపు పదకొండింటికి దర్యాప్తు అధికారి ముందు ఆమె దాన్ని తన నోటి మాటగా ఒప్పుకుని సంతకం చేయాలి. సాయంత్రం టీ గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. లాయరు ఒక గ్లాసుని రెండో పేజీ మీద పెట్టినట్టున్నాడు, అక్కడ గుండ్రంగా మరక పడింది.

ఆమె మరక పక్కనే వేలు పెట్టి పైకే చదివింది.

"రెండేళ్ల కిందట నేను భాగస్వామిగా చేరిన నాటి నుండి, కుటుంబంలో ఎవరికీ తెలియకుండా, నా సొంత ఆలోచనతో..."

అక్కడ ఆగి తలెత్తింది.

"ఈ ఇంట్లో నాకు సొంత ఆలోచన ఉందని మీరు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి మామయ్యగారూ. అదీ కేసు పడ్డాక."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తోటికోడలు పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, తిట్టు ఆపుకోవడానికో ఆవిడకే తెలియాలి.

"చూశారా నాన్నా!" అన్నాడు బావగారు. "ఇది కేసు కాదు, కుటుంబ గౌరవం అని పొద్దుట్నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నా. తనకి వేళాకోళంగా ఉంది."

బావగారిని ఫ్యాక్టరీలో పనివాళ్లు చాటుగా విదేశాంగ మంత్రి అంటారు. నాలుగుసార్లు విమానమెక్కి నాలుగు దేశాలు చూసొచ్చాడు. ప్రతిసారీ హోటలు గదిలోని సబ్బు బిళ్లలు తెచ్చి ఇంట్లో అందరికీ పంచాడు. ఆ సబ్బుల వాసన పోకముందే ఈ కేసు వచ్చిపడింది.

కేసు సంగతి చూస్తే సిగ్గుపడేంత చిన్నది. ఒక దేశంలో తలుపు బందులు చవగ్గా తయారవుతాయి. ఇంకో దేశం ఆ చవకకు భయపడి, అక్కణ్నుంచి వచ్చే బందుల మీద నడ్డి విరిగేంత సుంకం వేసింది. మధ్యలో ఉన్న మామగారి బుర్రలో దీపం వెలిగింది. అక్కడి బందులు ఇక్కడ దింపడం, అట్టపెట్టెలు మార్చడం, ఇక్కడే తయారయ్యాయని ధ్రువపత్రం పెట్టి ఓడెక్కించడం. సుంకం ఎగిరిపోతుంది. ఆ కాగితాన్ని ఇంట్లో అందరూ పుట్టుక పత్రం అంటారు. ఫ్యాక్టరీలో బందులు కొట్టే యంత్రం ఒకటి ఉన్నమాట నిజమే. ఎవరైనా తనిఖీకి వస్తే దాన్ని తుడిచి, నూనె పోసి, అరగంట తిప్పుతారు. మిగతా రోజుల్లో దాని మీద పనివాళ్లు తువ్వాళ్లు ఆరేసుకుంటారు.

పుట్టుక పత్రాల మీద రెండేళ్లుగా ఉన్న సంతకం చిన్నకోడలిది. పొయ్యి మీద గిన్నె ఉండగానే బావగారు కాగితాల కట్ట పట్టుకొచ్చేవాడు. ఆమె చేతులు తుడుచుకుని వరసగా గీకేసేది. ఏమిటివని ఒక్కసారీ అడగలేదు. అడక్కపోవడం కూడా ఒక నేరమేనని ఈ పది రోజుల్లో ఆమెకు తెలిసొచ్చింది. ఆ ఒక్క ముక్కా వాంగ్మూలంలో ఉండుంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టేదేమో. అదొక్కటే అందులో లేదు.

"అమ్మా," అన్నాడు లాయరు, కుర్చీలో ఒళ్లు సర్దుకుంటూ. "ఆడమనిషివి. మొదటి తప్పు. తెలిసీ తెలియక చేశావు. జడ్జిగారి మనసు కరిగిపోదూ?"

"ఇందులో 'తెలిసి' అని రాశారండీ. 'తెలియక' అన్నది కనబళ్లేదు."

"అది వాదనలో వస్తుందమ్మా. కాగితంలో రాదు."

"జైలు కాగితం చూసి వేస్తారా, వాదన విని వేస్తారా?"

లాయరు మామగారి వైపు చూశాడు. ఇంత మాట్లాడే మనిషని నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నట్టుంది ఆ చూపు.

"అదలా ఉంచండి," అంది ఆమె. "సరుకు పట్టుకున్న దేశం వాళ్లు అక్కడ కూడా కేసు పెట్టారటగా. నన్ను వాళ్లకి అప్పగించమంటే?"

"అప్పగింతంటే మాటలా! రెండు దేశాల మధ్య ఒప్పందాలుంటాయి, పద్ధతులుంటాయి. ఇక్కడ కేసు నడిచినన్నాళ్లూ నిన్నెవరూ కదిలించలేరు."

"నడవడం అయిపోయాక?"

లాయరు నీళ్ల గ్లాసెత్తాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు దించలేదు.

"నేను లోపలికెళ్తే వ్యాపారం ఎవరు చూస్తారు?" అన్నాడు బావగారు. ఎవరూ ఆయన్ని వెళ్లమనలేదు. "నాన్నకి బీపీ. తమ్ముడికి ఏమొచ్చని?"

తమ్ముడు, అంటే చిన్నకోడలి మొగుడు, బల్ల చివర కూర్చుని గోరు గిల్లుకుంటున్నాడు. తనకేమీ రాదన్న మాట విని "ఊ" అన్నాడు. పనివాళ్లు అతనికి పెట్టిన పేరు ఊకొట్టు బాబు. ఆ పేరు పెట్టినవాణ్ని చిన్నకోడలు మనసులో చాలాసార్లు మెచ్చుకుంది.

మామగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. గొంతు మెత్తబరిచాడు. ఆ మెత్తదనం ఆమెకు ఆయన కోపం కన్నా ఎక్కువ అసహ్యం.

"అమ్మాయ్, చివరిసారి చెప్తున్నా. నువ్వు పెట్టినా పెట్టకపోయినా పత్రాల మీద ఉన్నది నీ సంతకమే. పెట్టకపోతే నీ దారి నీది, నీ లాయరు నీవాడు. పెట్టావనుకో, ఈ ఇల్లు మొత్తం నీ వెనకాల ఉంటుంది."

"ఉంటుంది మామయ్యగారూ. నన్ను ముందు నిలబెట్టి అందరూ నా వెనకాలే ఉంటారు."

లాయరు కాగితాలు సర్ది, మరక పడిన పేజీని అడుక్కి తోసి, రేపు పదింటికి కారు తెస్తానని లేచాడు.

రాత్రి ఇద్దరూ గదిలోకి వచ్చారు. మొగుడు ఇస్త్రీ చొక్కా ఒకటి తీసి మంచం మీద పరిచి మడత పెట్టడం మొదలెట్టాడు.

"మీరేమంటారు?" అంది.

"నాన్నగారు అన్నీ ఆలోచించే..."

"మీ నాన్నగారిని అడగలేదు. ఆయన మాట అయిపోయింది. మిమ్మల్ని అడుగుతున్నా."

చొక్కా చేతులు వెనక్కి తిప్పాడు. కాలరు సర్దాడు.

"ఆర్నెల్లలో వచ్చేస్తావట."

"ఎవరన్నారు?"

"అన్నయ్య."

"ఆర్నెల్లేగా. మీరే వెళ్లి రండి. నేను ఇక్కడే ఉండి మీ వెనకాల ఉంటాను."

అతను మడత పెట్టిన చొక్కాని విప్పి మళ్లీ మొదట్నుంచీ మడత పెట్టాడు. ఈ మనిషి మీద తనకున్నది కోపమనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. కోపం రావాలంటే అవతల ఒక మనిషి ఉండాలి. అటు తిరిగి పడుకుంది.

తెల్లారేసరికి కిటికీలోంచి పొగ వాసన. ఫ్యాక్టరీ ఇంటి వెనక వీధిలోనే. గోడౌను వెనక నుంచి పొగ సన్నగా లేచి నీళ్ల ట్యాంకు మీదుగా పోతోంది.

ఎనిమిదింటికి మేకుల తాత వచ్చాడు. సరుకు కట్టే పనివాళ్లకి పెద్ద ఆయన. పాత చెక్కల్లోంచి మేకులు పీకి, రాయి మీద పెట్టి తిన్నగా కొట్టి, మళ్లీ వాడతాడు. ముప్పయ్యేళ్లలో కొత్త మేకు ముట్టింది తక్కువట. అది ఆయన పిసినారితనం కాదు, మామగారి హుకుం. ఆ హుకుమే ఇవాళ ఇంటి మీదికి వచ్చింది.

సరుకు కింద చెక్క చట్రాలు ఉంటాయి, ప్యాలెట్లంటారు. చెక్కలోని పురుగు దేశాలు దాటకుండా దాన్ని వేడి చేసి, ఎక్కడ వేడి చేశారో ఆ దేశం అక్షరాలు చెక్క మీద కాల్చి ముద్ర వేస్తారు. బందులు తెచ్చిన చట్రాల్ని పారేయడానికి మామగారికి చేతులు రాలేదు. పెట్టెలు మార్పించాడు, చీటీలు మార్పించాడు, దేశం మార్పించాడు, చెక్క మాత్రం మార్చలేదు. ఆ చట్రాల మీదే మళ్లీ ఓడెక్కించాడు. అక్కడి రేవులో అధికారి పెట్టె విప్పను కూడా విప్పలేదట. వంగి కింద చెక్క చూసి, ముద్రని ఫొటో తీశాడట. రెండు దేశాల కళ్లల్లో దుమ్ము కొట్టడానికి తెగించిన మనిషి పొయ్యిలోకి పోవాల్సిన చెక్క దగ్గర కక్కుర్తి పడ్డాడు. దొంగతనమైనా ఖర్చుకి వెనకాడకుండా చేయాలి కదా, అనుకుంది చిన్నకోడలు.

"ఇంట్లో అలమర కూడా పీకి తెమ్మన్నారు చిన్నమ్మా," అన్నాడు తాత, సుత్తీ పట్టకారూ కింద పెట్టి. "సోదాకి వస్తారేమోనని. గోడౌనులోది తెల్లారకముందే అంటించాం. ఇదొక్కటే మిగిలింది."

వంటింటి గుమ్మం పక్కన డబ్బాలు పెట్టుకునే అలమర అది. తోటికోడలు డబ్బాలు దింపుతూ గొణిగింది.

"కాల్చడానికి ఇదే దొరికిందా? మా పాప ఎత్తు గీతలు దీనిమీదే ఉన్నాయి. ఆగు తాతా, ఫోన్‌లో తీసుకోనీ." ఒక ఫొటో తీసింది, బాగా రాలేదని ఇంకోటి తీసింది. "నువ్వు సంతకం పెట్టి వచ్చేస్తే ఈ గోలంతా ఉండదు," అంది చిన్నకోడలి వైపు చూడకుండా. "ఇల్లన్నాక ఎవరో ఒకరు సర్దుకోవాలి."

"నువ్వెందుకు సర్దుకోకూడదక్కా?"

"నా పేరు మీద ఏమీ లేదుగా!"

ఆ మాట అనేసి ఆవిడ డబ్బాలు మోసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో తెలివైన మనిషి ఒక్కతే ఉంది, అదీ ఈవిడే అనుకుంది చిన్నకోడలు.

తర్వాత ఆ గీతల వైపు చూసింది.

రోజుకు పదిసార్లు ఆ పక్కనుంచే నడుస్తుంది, ఎప్పుడూ పట్టించుకోలేదు. పక్క పలక మీద అడుగు నుంచి పైకి ఎనిమిది గీతలు, నీలం పెన్సిలుతో. ఒక్కో గీత పక్కనా పాప పుట్టినరోజు తేదీ, మామగారి చేతిరాతతో. ఆయన రాసే ఏడు అంకె మెడ విరిగినట్టుంటుంది, ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా కింది గీత ఆమె మోకాలి పైదాకా ఉంది. పాప నిలబడ్డం నేర్చిన ఏడాది. ఆ తేదీ ఏడేళ్ల కిందటిది.

ఆమె కింద కూర్చుంది.

"తాతా, ఈ అలమర ఎప్పుడు కొట్టావు?"

"పెద్దబాబుగారి పాపకి పళ్లొస్తున్నప్పుడు. మొట్టమొదటిసారి బందులు దింపినప్పుడు ఆ చట్రాలు విప్పి కొట్టాను."

"అప్పటికి నేను ఈ ఇంటికి రాలేదు."

"మీరెక్కడమ్మా! మీ పెళ్లికి ఇంకా మూడేళ్లు."

"మరి ముద్ర?"

తాత గుమ్మం వైపు ఒకసారి చూశాడు. పట్టకారుతో మేకు పట్టి పైకి లాగాడు. మేకు కీచుమంటూ వచ్చింది. దాన్ని జేబులో వేసుకున్నాడు. కాల్చేసే పలక మేకుని కూడా జేబులో వేసుకున్నాడు, అలవాటు అలాంటిది. రెండో మేకు, మూడో మేకు. పక్క పలక ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని వెనక్కి తిప్పాడు.

కాలిన నల్లటి గీతల మధ్య రెండు పరాయి అక్షరాలు, ఒక నంబరు. నిన్న లాయరు చూపించిన రేవు ఫొటోలో ఉన్నవే. ఒక్క అక్షరం తేడా లేదు.

"నల్లగా అసహ్యంగా ఉంది, గోడవైపు తిప్పి కొట్టరా అన్నారు అయ్యగారు," అన్నాడు తాత. "తిప్పి కొట్టాను."

ఆమె పలకని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక పక్క ముద్ర. ఇంకో పక్క ఏడేళ్ల నాటి తేదీ, దానిమీద ఆరేళ్ల నాటిది, దానిమీద ఐదేళ్ల నాటిది. రెండేళ్ల కిందట తన సొంత ఆలోచనతో ఆమె మొదలెట్టిందన్న నేరం ఏడేళ్లుగా వంటింట్లో నిలబడి పాప ఎత్తు కొలుస్తోంది. పైగా ఆ తేదీలు వేసిన చెయ్యి ఎవరిదో ఏ అధికారికీ వేరే చెప్పక్కర్లేదు.

నవ్వొచ్చింది. పది రోజులకి ఇదే మొదటిసారి.

"నా గురించి ఏమంటున్నారమ్మా లోపల?" అన్నాడు తాత ఉన్నట్టుండి, నాలుగో మేకు పీకుతూ.

"నీ గురించా?"

"పాత చెక్క వాడింది నేనేనట. ముసలోడు తెలివితక్కువ పని చేశాడని పెద్దబాబు నిన్న పనివాళ్లందరి ముందూ అన్నారు. కొత్త చెక్క కొనమని మూడుసార్లు అడిగానమ్మా. మూడుసార్లూ అయ్యగారు ఈ మేకుల డబ్బా చూపించి, వీటికేం రోగం అన్నారు."

"ఆ మాట రేపు ఎవరైనా అడిగితే చెప్తావా తాతా?"

తాత మిగిలిన పలకలు ఒక్కోటీ ఊడదీసి దొంతరగా పెట్టాడు. గీతల పలకని మాత్రం దొంతర మీద పెట్టలేదు, గోడకి చేరేశాడు.

"పీకడం నా పని," అన్నాడు. "పీకాక ఏది ఎటుపోయిందో చూడ్డం నా పని కాదు."

ఆమె గదిలోకి వెళ్లి దుప్పటి తెచ్చింది. పలకకి చుట్టి, చంకలో ఇరికించుకుని వెనక వసారాలోకి వచ్చింది. వసారా దాటితే పెరటి తలుపు, అది దాటితే వీధి. దర్యాప్తు అధికారి ఆఫీసు ఏ వీధిలో ఉందో నోటీసు మీద చదివింది. లాయరు కారు అక్కర్లేదు.

వసారాలో మొగుడున్నాడు. అద్దం ముందు, సగం గడ్డం గీసుకుని, సగం నురగతో.

దుప్పటి మూల జారింది. ముద్ర కనబడింది. అతను అద్దంలోంచే చూశాడు. తర్వాత ఇటు తిరిగి చూశాడు.

"అది... అలమరదా?"

"ఊ," అంది ఆమె. ఒక్కసారి తనూ అనాలనిపించింది.

"నాన్నగారికి తెలుసా?"

"మీకు తెలిసిందిగా. ఇంక ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?"

అతని చెంప మీద నురగ కారి మెడలోకి దిగింది. తుడుచుకోలేదు.

లోపల మామగారి చెప్పుల చప్పుడు. మెట్లు దిగాయి, హాలు దాటాయి, వంటింటి గుమ్మం దగ్గర ఆగాయి. వీధి గేటు బయట కారు హారను ఒకసారి మోగింది. లాయరు చెప్పిన టైముకి ముందే వచ్చాడు.

"అయిందేమిరా?" అంటున్నాడు మామగారు. మేకుల తాత ఆయనకన్నా మూడేళ్లు పెద్ద.

"అయిందయ్యగారూ."

"ఎన్ని పలకలు?"

"అన్నీ పీకేశానయ్యా."

"ఎన్ని అని అడిగాను. ఏడుండాలి. దగ్గరుండి కొట్టించింది నేను."

చెప్పు కొసతో పలకల్ని ఒక్కోటీ తడుతున్న చప్పుడు వినబడింది. ఒకటి. రెండు. తీరిగ్గా, ఒక్క చెక్కముక్క కూడా వృథా పోనివ్వని మనిషి తట్టినట్టు. ఆరు దగ్గర ఆగింది.

"ఏడోదేదిరా?"

తాత జేబులో మేకులు కదిలిన చప్పుడు వచ్చింది.

చిన్నకోడలు పెరటి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. తుప్పు పట్టిన గడియ. తీస్తే ఇల్లంతా వినబడుతుంది.

"నిన్నేరా అడిగేది! ఏడోది ఏమైంది?"

"నాన్నగారూ!"

పిలిచింది ఆమె వెనక నుంచే. తాత గొంతు కాదు, బావగారి గొంతు కాదు. సగం గడ్డంతో, చేతిలో బ్లేడు అలాగే పట్టుకుని, అతను లోపలి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"తాతనేమీ అనకండి. ఏడోది ఎక్కడుందో నేను చెప్తా."

నాలుగేళ్లలో ఎవరూ అడక్కుండా అతను మొదలెట్టిన మొదటి మాట అది. దాన్ని ఎటు తీసుకెళ్లి ముగిస్తాడోనని ఆగి వినేంత నమ్మకం ఆమెకు అతని మీద లేదు. గడియ లాగింది.